ఆశల గోడ మీద ఖాళీ మేకులు

ముందుగా నాకు రూఢిగా తెలిసినదేమిటో, కేవలం విన్నదేమిటో వేరుచేసి చెబుతాను. ఇది నా వృత్తి నేర్పిన అలవాటు. పదవీ విరమణతో పోయే రకం కాదు.

రూఢిగా తెలిసినవి నాలుగు. తిరుపతిలో నేను పనిచేసిన పిల్లల ఆసుపత్రిలో, క్యాన్సర్ వార్డుకు వెళ్లే నడవాలో, ఒక మంగళవారం ఉదయం ఒక గోడకు రెండు పటాలు, పంతొమ్మిది ఖాళీ మేకులు ఉన్నాయి. ఆ పంతొమ్మిది పటాలనూ తీయించింది నేనే. అదే ఉదయం, తడ దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక తండ్రి తన ఐదేళ్ల కొడుకును వైద్యం మధ్యలోనే ఇంటికి తీసుకుపోవడానికి సంచి సర్దుకున్నాడు. అతడు పోలేదు.

తక్కినదంతా విన్నది. అతడు ఎందుకు పోలేదన్నదానికి ఆసుపత్రిలో చెప్పుకునే కారణాలన్నీ ఈ రెండో కోవలోకే వస్తాయి. కొత్తగా ఉద్యోగంలో చేరినవారికి శిక్షణలో ఇప్పుడు ఈ సంఘటన చెబుతున్నారట. అందులో నేను ఆ తండ్రి చేతులు పట్టుకొని, కళ్లలో నీళ్లతో అరగంట మాట్లాడి ఆయన మనసు మార్చానట. నేనాయన చేతులు పట్టుకోలేదు. మాట్లాడింది రెండు నిమిషాలు. దానితో పరిస్థితి మరింత చెడింది. ఈ శిక్షణ కథ నా బల్ల మీదికి పరిశీలనకు వచ్చి ఉంటే ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి ఉండేవాణ్ణి. కొట్టేసి ఉంటే ఏం జరిగేదో కూడా ఇప్పుడు నాకు కొంత తెలుసు. అందుకే మీవంటి చిన్నవారి కోసం ఇది రాస్తున్నాను.

నేను వైద్యుణ్ణి కాను. జీవరసాయన శాస్త్రం చదివి, ముప్పై ఏళ్లకు పైగా ప్రయోగశాలలో రక్త నమూనాలు పరీక్షించినవాణ్ణి. మా పనిలో మొదటి పాఠం ఒకటుంది: యంత్రం చెప్పింది కదా అని నమ్మకూడదు. ప్రతి ఉదయం, ఫలితం ముందే తెలిసిన నమూనాను దానిలో పెట్టి చూడాలి. అది సరైన జవాబు చెప్పాకే రోగుల రక్తం పెట్టాలి. ఈ పాఠాన్ని నేను కొన్ని వందలమంది విద్యార్థులకు నేర్పాను. దాన్ని నేనే ఎక్కడ మరిచిపోయానో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ గోడకు ఆశల గోడ అని పేరు. మా ఆసుపత్రిలో కౌన్సెలర్‌గా పనిచేసే ఒక అమ్మాయి దాన్ని మొదలుపెట్టింది. ఆమె చంద్రగిరి నుంచి రోజూ స్కూటర్ మీద వచ్చేది. కొత్తగా వార్డులో చేరిన పిల్లల తల్లిదండ్రులకు ధైర్యం చెప్పడం ఆమె పని. రక్త క్యాన్సర్ వైద్యంలో మొదటి వారాలు చాలా కష్టమైనవి. మందు పనిచేయడం మొదలుపెట్టినప్పుడే బిడ్డ ఇంకా జబ్బుపడ్డట్టు కనిపిస్తాడు. వాంతులు, నోటిపూత, దిండు మీద రాలే జుట్టు. తల్లిదండ్రులు బిడ్డను ఎత్తుకొని వెళ్లిపోయేది సరిగ్గా అప్పుడే. ఖర్చు ప్రభుత్వ పథకం భరిస్తుంది కనుక డబ్బు అడ్డంకి కాదు. అడ్డంకి కళ్లకు కనిపించేదే. వెళ్లిపోయిన పిల్లల్లో తిరిగి వచ్చేవారు తక్కువ. అందుకని, ఇదే జబ్బుతో వచ్చి కోలుకొని వెళ్లిన పిల్లల ఫోటో, ఊరు, ఒక పేరా కథ రాసి ఆ అమ్మాయి పటాలు కట్టించి నడవాలో తగిలించింది.

నేను ఆ గోడ జోలికి వెళ్లడానికి కారణం ఒక విషాదం. పటంలో నవ్వుతున్న ఒక పిల్లవాడు అప్పటికి ఏడాది కిందటే చనిపోయాడు. ఎవరూ గమనించలేదు. వాడి మేనమామ వేరే పని మీద ఆసుపత్రికి వచ్చి, ఆ పటం చూసి, నడవాలోనే కూలబడిపోయాడు. ఆ సాయంత్రమే పెద్ద డాక్టరుగారు నన్ను పిలిచి, ఇకమీదట ఆ గోడ మీద ప్రతి మాటా నేను సరిచూడాలని చెప్పారు. ఆసుపత్రిలో దేన్నీ నమ్మనివాడు ఎవడని అడిగితే అందరూ నా పేరే చెప్పారట. అప్పుడు దాన్ని ప్రశంసగానే తీసుకున్నాను.

నాకూ ఆ అమ్మాయికీ మధ్య తగాదా మొదటి పటంతోనే మొదలైంది. ఆమె ఒక కథకు ‘మృత్యువును జయించిన చిరునవ్వు’ అని శీర్షిక పెట్టింది. మృత్యువును జయించినవారు మన రికార్డుల్లో ఎవరూ లేరని, వాయిదా వేయించుకున్నవారు మాత్రమే ఉన్నారని అంచున రాశాను. ఆమె ఆ కాగితం పట్టుకొని ప్రయోగశాలకు వచ్చింది.

"మృత్యువును వాయిదా వేయించుకున్న చిరునవ్వు అని పెట్టమంటారా సార్?"

"నిజం అదే కదమ్మా."

"నిజమే సార్. అట్లయితే గోడెందుకు మనకి, రికార్డు రూములోనే తగిలించుకుందాం."

ఆ మాటకు అప్పుడు నేను నవ్వలేదు.

నేనొక పత్రం తయారుచేశాను. ఐదు ప్రశ్నలు. మొదటి నాలుగు తేదీలు, మందులు, పరీక్షల ఫలితాల గురించి. వాటికి జవాబులు రికార్డుల్లోనే ఉంటాయి. ఐదోది తల్లిదండ్రులకు: బిడ్డ ఇప్పుడు ఎలా ఉన్నాడో వారి మాటల్లోనే చెప్పాలి. చివరి పరీక్ష జరిగి చాలా నెలలైన పిల్లల విషయంలో పాత కాగితం కంటే తల్లి మాటే తాజా సాక్ష్యమని నా వాదం. జవాబును బట్టి సంతృప్తికరం, అసంతృప్తికరం అని రెండు గడులు. సంతృప్తికరమైతేనే పటం గోడ మీద ఉండాలి. అసంతృప్తికరమైతే పత్రం నకలు ఒకటి పిల్లల బాగోగులు చూసే విభాగానికి వెళ్లాలి. వారు వెంటనే ఆ ఇంటికి మనిషిని పంపాలి. ఈ చివరి నియమం నా సొంతం. దాని గురించి నాకు కాస్త గర్వంగా కూడా ఉండేది.

ఉదయం పది నుంచి పదకొండు దాకా నేనే స్వయంగా ఫోన్లు చేసేవాణ్ణి. వచ్చిన జవాబులు నన్ను కలవరపెట్టాయి. పుంగనూరు నుంచి ఒక తండ్రి, ఏదో ఉండాడు సార్ అన్నాడు. నగరి నుంచి ఒక అవ్వ, ఉండాది, దేవుడి దయ అని ఊరుకుంది. మరొక తల్లి, ఏం బాగు సార్, పుస్తకం ముట్టుకోడు అంది. ఎంత గుచ్చి అడిగినా పంతొమ్మిది ఇళ్లలో బాగుందన్న మాట ఒక్కరి నోటా రాలేదు. నేను నిజాయితీగా వారి మాటలన్నీ రాసుకొని, అసంతృప్తికరం అన్న గడిలో టిక్కు పెట్టుకుంటూ పోయాను. పంతొమ్మిది పటాలు దిగిపోయాయి. మిగిలిన రెండింటిలో ఒకరి తండ్రి బడిపంతులు. పత్రంలోని మాటలతోనే, బిడ్డ ఆరోగ్యం సంతృప్తికరంగా ఉన్నదని చెప్పాడు. రెండో ఇంట్లో ఫోన్ ఎత్తింది తాత. బాగుండాడప్పా అని గట్టిగా చెప్పాడు. ఆ తాతకు చెవుడని, ఏమడిగినా అదే జవాబు చెబుతాడని చాలాకాలానికి తెలిసింది.

పటాలు దించమని నేను చెప్పాను గాని, మేకులు పీకమని చెప్పలేదు. పీకితే సున్నం రాలుతుందని నౌకరు వాటిని అలాగే వదిలేశాడు.

దించిన పటాల్లో ఒకటి పలమనేరు పక్క పల్లె నుంచి వచ్చిన పదేళ్ల అమ్మాయిది. వైద్యం పూర్తయి ఏడాది దాటింది. తల్లి నాలుగు ఆవుల్ని మేపుకుంటూ పాలకేంద్రానికి పాలు పోసేది. పాప ఎలా ఉందని నేనడిగితే, ఏదో ఉండాది సార్ అంది. ఏదో అంటే ఏమిటని అడిగాను.

"ఏం సెప్పేది సార్. అన్నం కాడ దినామూ రగడే. ఒళ్ళు సన్నంగానే ఉండాది."

ఆహారం సరిగా తీసుకోవడం లేదు, బరువు తక్కువ, తల్లి మాటల్లో నిస్పృహ ఉంది అని రాశాను. నియమం ప్రకారం నకలు వెళ్లింది. నియమం ప్రకారమే రెండు రోజుల్లో ఆసుపత్రి వ్యాను ఆ ఊరికి వెళ్లింది. వ్యాను రెండు పక్కలా పిల్లల క్యాన్సర్ విభాగం అని పెద్ద అక్షరాలు. అది ఆగింది పాలకేంద్రం ముందు, ఊరంతా క్యాన్లతో నిలబడే వేళకు. నర్సు దిగి, పాప పేరు చెప్పి, ఇల్లెక్కడని అడిగింది. పాప బడిలో ఉందన్నారు. బడికి వెళ్తే మైదానంలో ఖోఖో ఆడుతూ ఉంది. ఆటలోంచి పిలిపించి, అరుగు మీద కూర్చోబెట్టి, తోటి పిల్లలందరూ చూస్తుండగా రక్తం తీశారు.

ఆ రక్తం నా ప్రయోగశాలకే వచ్చింది. ఏ దోషమూ లేదు. నివేదిక మీద సంతకం నాదే. సంతకం పెడుతూ, తల్లి మాటకూ ఈ ఫలితానికీ పొంతన లేదేమిటని ఒక్క క్షణం అనుకున్నాను. తల్లి మాటనే అనుమానించాను గాని, నా ప్రశ్నను అనుమానించలేదు.

ఇక ఆ మంగళవారం.

తడ నుంచి వచ్చిన తండ్రి పదకొండు రోజులుగా కొడుకుతో వార్డులో ఉన్నాడు. భార్య పచ్చిబాలింత కావడంతో ఊళ్లోనే ఉండిపోయింది. మంచీ చెడ్డా మాట్లాడుకోవడానికి పక్కన ఎవరూ లేరు. నాలుగు రోజులుగా పిల్లవాడి కడుపులో నీళ్లు కూడా నిలవడం లేదు. ఆ ఉదయం జుట్టు చేతికి ఊడి రావడం చూసి, ఆయన సంచి సర్దుకున్నాడు. కౌన్సెలర్ అమ్మాయి పరుగున వచ్చి, ఒక్కసారి ఇది చూడన్నా అంటూ అలవాటు కొద్దీ ఆయన్ను ఆశల గోడ దగ్గరికి తీసుకుపోయింది. పటాలు దిగిన సంగతి ఆమెకు తెలుసు. ఉన్న రెండైనా చూపిద్దామనుకుంది. ఆయన ఆ రెండింటినీ చూశాడు. ఆ తర్వాత మేకుల మీద ఒక్కొక్కటిగా వేలు పెట్టుకుంటూ వరస చివరి దాకా నడిచాడు. అక్కడాగి అడిగాడట:

"తక్కిన బిడ్డలంతా పోయినారా మేడం?"

ఆమె ప్రయోగశాలకు వచ్చి ఈ మాట నాకు చెప్పినప్పుడు గొంతు పెంచలేదు. మీరొచ్చి ఆయనకు వివరించండి సార్, నావల్ల కాదు, అని మాత్రం అంది. నేను పత్రాల ఫైలు తీసుకొని వెళ్లాను. చేతిలో ఆధారాలు లేకుండా మాట్లాడటం నాకు అలవాటు లేదు.

ఆయన పిల్లవాణ్ణి భుజాన వేసుకొని, సంచి చేత్తో పట్టుకొని నడవాలో నిలబడి ఉన్నాడు. ఆయన పొరబడ్డాడని, ఆ పిల్లలు చనిపోలేదని చెప్పాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలన్న నియమంతో, వారు ఆరోగ్యంగా ఉన్నారనడానికి తగిన ఆధారాలు దొరకనందువల్ల పటాలు తీశామని కూడా చెప్పాను.

ఆయన మళ్లీ ఖాళీ మేకుల వైపు చూశాడు.

"బతికుండేదానికే సాక్ష్యం దొరకలేదంటే, పోయినట్టే గదా సార్."

ఆధారం లేకపోవడం వేరు, లేదని ఆధారం ఉండటం వేరు అని నేను తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను. ఆ రోజు ఆ వాక్యం వల్ల ఆయనకు ఒరిగేదేమీ లేదు. కౌన్సెలర్ అమ్మాయి నా వైపు చూడటం లేదు. ఆయన సంచి భుజానికి తగిలించుకున్నాడు. ఆ పిల్లవాడు ఆ రోజు మెట్లు దిగితే మళ్లీ ఎక్కడని అక్కడున్న ముగ్గురం ఎరుగుదుం. ఆయనతో సహా.

సరిగ్గా అప్పుడే వెనక నుంచి, ఫోన్ చేసే సారు ఎవరని ఒక ఆడమనిషి నర్సును అడగడం వినిపించింది. పలమనేరు తల్లి. ఆ రోజు ఆమె వైద్యం కోసం రాలేదు, నాతో పోట్లాడటానికే వచ్చింది. పక్కన బడి యూనిఫాంలో కూతురు, మెడలో నీళ్ల సీసా.

"నా బిడ్డ బాగలేదని రాసింది నువ్వేనా సార్?"

మీరు చెప్పిందే రాశానమ్మా అన్నాను. ఫైలు తెరిచి, తేదీతో సహా ఆమె మాటలు ఆమెకే చదివి వినిపించాను. అన్నం దగ్గర రగడ. ఒళ్లు సన్నం. ఆమె నా ముఖంలోకి చూసి, తర్వాత కౌన్సెలర్ వైపు తిరిగింది.

"ఈ సారుకు బిడ్డలుండారామ్మా?"

ఇద్దరున్నారని ఆ అమ్మాయి చెప్పింది. ఆ తల్లి మళ్లీ నా వైపు తిరిగింది.

"ఎట్లుండారు సార్ మీ బిడ్డలు?"

"ఏదో ఉన్నారమ్మా," అన్నాను.

నా పిల్లలిద్దరికీ ఏ జబ్బూ లేదు. పెద్దవాడు చిత్తూరులో ఒక కళాశాలలో పాఠాలు చెబుతాడు. అమ్మాయి ఆ నెలలోనే పదోన్నతి పొందింది. ఆ జవాబు నేను ఆలోచించి చెప్పలేదు. నేను పుట్టి పెరిగింది చిత్తూరులోనే. మా అమ్మ నా గురించి జీవితాంతం అడిగినవారందరికీ చెప్పిన జవాబు అదే. ముప్పై ఏళ్లు ప్రతి ఉదయం యంత్రంలో పెట్టిన ఆ తెలిసిన నమూనాను, నా ప్రశ్నలో ఒక్కసారి కూడా పెట్టి చూడలేదు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ గురించి అడిగితే ఏం జవాబు వస్తుందో తెలుసుకోకుండా, జబ్బుపడి లేచిన బిడ్డల గురించి తీర్పులు రాశాను. మొదట నవ్వింది కౌన్సెలర్ అమ్మాయి. నవ్వకూడని చోట నవ్వానని వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ తల్లి నవ్వలేదు.

"బాగుండాదని నా నోటితో నేనే అంటే, ఉంటాదా సార్? ఏ తల్లన్నా అంటాదా?"

ఆ తర్వాత ఆమె చెప్పింది వింటుంటే తల ఎత్తలేకపోయాను. రెండేళ్లు తిరుపతికి తిరిగినప్పుడు, పాపకు రక్తం తక్కువైందని మాత్రమే ఊళ్లో చెప్పుకున్నారు. ఇప్పుడు వ్యాను మీది అక్షరాలు ఊరంతా చదివింది. అంతకుముందు బడిలో పిల్లలంతా పాప సీసాలోంచి నీళ్లు తాగేవారు. వ్యాను వచ్చి వెళ్లిన రోజు నుంచి ఎవరూ ముట్టడం లేదు. సాయంత్రం సీసా నిండుగానే ఇంటికి వస్తోంది. ఈ జబ్బు అంటుకునేది కాదని నేను మొదలుపెట్టబోయాను. అది నాకు తెలీదా సార్, ఊరికి సెప్పు, అంది.

పెద్దవాళ్లు పోట్లాడుకుంటుంటే విసుగు పుట్టి, పాప తన మెడలో సీసా తీసి గోడ మీద ఒక ఖాళీ మేకుకు తగిలించింది. అది ఆమె పటం ఉన్న మేకేనని రాస్తే కథకు అందంగా ఉంటుంది. కాని ఏ మేకు ఎవరిదో మా దగ్గర రికార్డు లేదు.

ఇంతసేపూ కదలకుండా వింటున్న తడ ఆయన అప్పుడు నోరు విప్పాడు.

"అక్కా, మీ పాపకీ ఇదే జబ్బా?"

ఆమె ఆయన భుజాన ఉన్న పిల్లవాణ్ణి, రెండో భుజానికి తగిలించిన సంచిని, నేల మీద రాలిన నాలుగు వెంట్రుకల్ని చూసింది. ఇదే అంది. ఆయన, ఇప్పుడెట్లుండాది అని అడగలేదు. ఆ ప్రశ్న అడగకూడదని ఆయనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. వేలితో కొడుకు తల చూపించి, "జుట్టు?" అని మాత్రం అన్నాడు.

"జుట్టా? అడగొద్దు అన్నా. పొద్దున్నే నాకు ఆవులు పిండే టయానికే దీనికి జడ కావల్ల. రెండు జడలంట. ఒగ జడ ఏస్తే బడికి పోనని కూసుంటాది. అరగంట పడతాది ఆ సిక్కు దీసేకి. కత్తిరించి పారేస్తానని దినామూ అంటా ఉండాను."

అమ్మాయి వెంటనే రెండు జడల్నీ రెండు చేతులతో పట్టుకొని, తల్లికి అందనంత దూరం జరిగింది. ఆయన ఆ జడల్ని చాలాసేపు చూశాడు.

"అన్నం తింటాదా?"

"తినేదానికేం, పెట్టింది తినదు. మా నాయన పంపించిన కజ్జికాయలు డబ్బాడు ఒగ పూటలో కాలీ. వాళ్ళ తమ్ముణ్ణి కొట్టి మల్లా తింటాది. సంగటి అంటే మాత్రం కడుపు నొప్పి వస్తాది దీనికి."

"వాంతులు ఎన్నాళ్ళుండె అక్కా?"

అప్పుడు ఆమె ఆయనకు దగ్గరగా జరిగింది. ఇరవై రోజులు, అంది. ఇరవై రోజులూ తానూ రోజూ సంచి సర్దుకున్నానంది. చిన్నపిల్లలకు గంజి ఎలా పట్టాలో, గుక్క ఎంతుండాలో, నోటిపూతకు ఉప్పునీళ్లు ఎలా పుక్కిలించాలో చెబుతూ పోయింది. ఇవన్నీ మా ఆసుపత్రి పుస్తకంలో ఉన్నాయి. నేనే అచ్చుతప్పులు దిద్దాను. ఎవరైనా చదివారో లేదో తెలియదు.

పిల్లవాడు నీళ్లు అడిగాడు. పాప మేకుకున్న సీసా తీసింది. నేను చెయ్యి అడ్డం పెట్టి, ఆ బాబు కాచిన నీళ్లే తాగాలన్నాను.

"నాకు తెలుసు సార్. ఇవి కాసి సల్లార్సినవే. మాయమ్మ ఇంకా అవే పంపిస్తాది."

పిల్లవాడి గ్లాసు అడిగి తీసుకొని, సీసా మూతి తగలకుండా ఎత్తి పోసింది. వార్డు నియమాలు రెండేళ్లు పాటించిన మనిషి చేతివాటం అది. ఒక్క చుక్క కింద పడలేదు. పిల్లవాడు తాగాడు. అందరం వాడి ముఖం వైపే చూశాం. ఆ నీళ్లు నిలిచాయి.

ఆయన సంచిని ఖాళీ బెంచీ మీద పెట్టి, వేణ్ణీళ్లు ఎక్కడ దొరుకుతాయని నర్సును అడిగాడు.

కౌన్సెలర్ అమ్మాయి అదే అదనుగా, పాప పటం మళ్లీ పెట్టుకోవచ్చా అని ఆ తల్లిని అడిగింది. ఆమె ససేమిరా వద్దంది. కౌన్సెలర్ వదల్లేదు. చివరకు ఆ తల్లి, "బాగుండాదని మాత్రం రాయొద్దు. జడకి సతాయిస్తాదని రాసుకోండి, అది అబద్ధం గాదు," అంది.

అలాగే రాశాం. మొత్తం గోడ ఆ తర్వాత అలాగే మారింది. నా పత్రంలో ఐదో ప్రశ్న కొట్టేసి, బిడ్డ మీద మీ ఫిర్యాదులేమిటి అని రాశాను. ఈసారి, ఆ ప్రశ్న వాడేముందు, ఆసుపత్రి సిబ్బందిలో పదిమందిని వారి ఆరోగ్యవంతమైన పిల్లల గురించి అదే ప్రశ్న అడిగి చూశాను. ఫోన్లు పది నిమిషాల్లో ముగిసేవి కావు. ఎండలో క్రికెట్, చెప్పకుండా ఏటికి పోవడం, మాత్రలన్న పేరు వింటే మంచం కింద దూరడం. ఒక్కొక్క మేకూ నిండింది. పెద్ద డాక్టరుగారు ఒకసారి ఆగి చదివి, ఇది ఆశల గోడా, పోలీస్ స్టేషనా అని అడిగారు. నేను ఎర్ర సిరా వాడింది ఒక్కసారే. ఒక తల్లి తన కొడుకు బంగారమని, ఏ అల్లరీ చేయకుండా ఒక మూల కూర్చుంటాడని చెప్పింది. ఆ ఇంటికి నర్సును పంపాం, అక్షరాలు లేని మామూలు జీపులో. మాత్రలు మానేసి రెండు నెలలైంది. బిడ్డను తిరిగి వైద్యానికి తెచ్చాం. ఒక్క సంఘటనతో సూత్రం చేయకూడదు, చేయడం లేదు.

పలమనేరు బడికి నేను వెళ్లాను. ఈ జబ్బు అంటువ్యాధి కాదని ఇరవై నిమిషాల ఉపన్యాసం తయారుచేసుకున్నాను. ఐదు నిమిషాలకే పిల్లలు కిటికీల వైపు చూడటం మొదలుపెట్టారు. గొంతు ఆరిపోయి, ఆ అమ్మాయి సీసా అడిగి నీళ్లు తాగాను. వెనక వరుసలో ఒక పిల్ల, అంతా తాగేయొద్దు సార్ అంది. ఉపన్యాసం పనిచేసిందో, దాహం పనిచేసిందో చెప్పలేను. నెల తర్వాత ఆ తల్లి ఫోన్ చేసి, సీసా పదిగంటలకే ఖాళీ అయిపోతోందని, ఇప్పుడు దినామూ రెండు నింపి పంపాల్సి వస్తోందని, ఇదంతా నా పనేనని తిట్టింది. ఆ మాటల్ని తేదీ వేసి రాసుకున్నాను. ఉద్యోగంలో నాకు దక్కిన మెప్పుల్లో ఆధారంతో సహా నా దగ్గర ఉన్నది అదొక్కటే.

తడ పిల్లవాడి వైద్యం పూర్తిగా సాగింది. అది రికార్డుల్లో ఉంది. తేలని ప్రశ్న ఒక్కటే: ఆ రోజు వాడి తండ్రి ఎందుకు ఆగాడు? జడల వల్లేనని కౌన్సెలర్ నమ్మకం. ఉదయం తొమ్మిదికి వేసిన వాంతుల సూది ఆ సమయానికి పనిచేసిందని, నీళ్లు నిలవడం చూసి ఆగాడని డాక్టర్ల మాట. కాళహస్తి మీదుగా వెళ్లే బస్సు అప్పటికే తప్పిపోయిందని నర్సు అంటుంది. మరో బస్సు మధ్యాహ్నం దాకా లేదన్నది నిజమే, విచారించాను. కారణాలు మూడు, సంఘటన ఒక్కటి. పోల్చి చూడటానికి రెండో మంగళవారం లేదు.

చేయగలిగింది ఒక్కటే, ఆయన్ను అడగడం. ఉద్యోగంలో ఉండగా అడగలేదు. రోగి తండ్రి ఆసుపత్రి మనిషికి నచ్చే జవాబే చెబుతాడు. పదవీ విరమణ చేసిన ఏడాదికి, ఇక ఆ ఇబ్బంది లేదనుకొని, ఒక ఆదివారం ఉదయం ఫోన్ చేశాను. గుర్తుపట్టాడు. మర్యాద కోసం ముందు పిల్లవాడెలా ఉన్నాడని అడిగాను.

"ఏదో ఉండాడు సార్. సెప్పిన మాట ఇంటేగదా."

ఎంతగా వినడో మరికాస్త చెప్పించుకున్నాను. ఆ తర్వాత, ఆ రోజు నడవాలో, అంటూ నా ప్రశ్న మొదలుపెట్టాను.

"ఒగ నిమిషం ఉండు సార్, వీడు మల్లా గోడెక్కినాడు," అంటూ ఆయన ఫోన్ ఎక్కడో పెట్టేశాడు. దిగరా, దిగరా అన్న కేకలు, ఒక కుక్క మొరుగు, పరుగెత్తే చెప్పుల చప్పుడు కొంతసేపు వినిపించాయి. ఆపైన లైను తెగిపోయింది.

నేను మళ్లీ చేయలేదు.